విరిగిన నాణెంలో మనకు దక్కిన సగం

ఈ వారం ఎపిసోడ్ విన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది, చివర్లో ఒకచోట నా గొంతు ఆగిపోయింది. ఎడిటింగ్‌లో ఆ ముక్క తీసేద్దామనుకుని మళ్లీ అలాగే వదిలేశాను. ఎందుకు ఆగిందో మైకు ముందు చెప్పడం నావల్ల కాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. వినే తీరిక లేనివాళ్ల కోసం ఎపిసోడ్‌లో మాట్లాడిన విషయం కూడా మొదటి నుంచీ ఇస్తున్నాను. మాటల్లో తడబడినచోట్ల కాస్త సరిచేశాను, అంతే.

పోయినసారి మనం రఘుపతి వెంకయ్యగారి గురించి చెప్పుకున్నాం కదా. తెలుగు సినిమా పితామహుడు, కొడుకు ప్రకాష్‌తో కలిసి 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ తీశారు, ఇప్పుడు దాని ప్రింటు లేదు... అందరూ చెప్పేదే నేనూ చెప్పాను. అది విని మంగాఫ్ నుంచి ఒక శ్రోత ఫోన్ చేశారు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. ఒకటే ప్రశ్న అడిగారు: “అన్నా, ఆయనకి సినిమా హాళ్లు ఉండేవన్నావు. తెలుగు సినిమాలే లేనప్పుడు ఆ హాళ్లలో ఏం ఆడేవి?”

నా దగ్గర జవాబు లేదు. వెంకయ్యగారి కథ నేను ఎన్నోసార్లు చదివాను, ఎన్నోసార్లు చెప్పాను. ఈ ప్రశ్న ఒక్కసారి కూడా తట్టలేదు. సిగ్గేసింది. మూడు శుక్రవారాలు దానికే పెట్టాను. ఫహాహీల్‌లో మా రూములో మిగతావాళ్లు బిర్యానీ తిని పడుకుంటే నేను ఫోన్ ముందేసుకుని కూర్చున్నాను.

వెంకయ్యగారిది మచిలీపట్నం. 1869లో పుట్టారు. చిన్న వయసులోనే మద్రాసు చేరి, ఫోటోగ్రఫీ నేర్చుకుని, మౌంట్ రోడ్డులో స్టూడియో పెట్టారు. 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించారు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన గ్రామఫోను రికార్డు తిరుగుతుంది. రెండూ జత కుదిరితే బొమ్మే మాట్లాడినట్టు ఉంటుంది. దాని ఖరీదు 30,000 రూపాయలని, స్టూడియో తాకట్టు పెట్టి కొన్నారని సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ఆ యంత్రంతో మద్రాసులో గుడారం వేసి బొమ్మలాడించారు. ఆంధ్ర పట్టణాలు తిరిగారు. రంగూన్, కొలంబో దాకా వెళ్లారు. ఆ తర్వాత మౌంట్ రోడ్డు దగ్గర గెయిటీ హాలు కట్టారు. మద్రాసులో ఒక భారతీయుడు కట్టించిన తొలి సినిమా హాలు అదేనంటారు. ఆపైన మింట్ వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్. ఆ గ్లోబే తర్వాత రాక్సీ అయింది.

మరి వాటిలో ఏం ఆడేవి? ఆయన జీవితం గురించి రాసిన వ్యాసాల్లో ఒక మూల నాలుగైదు పేర్లు కనిపిస్తాయి. ‘మిలియన్ డాలర్ మిస్టరీ’. ‘మిస్టరీస్ ఆఫ్ మైరా’. ‘బ్రోకెన్ కాయిన్’. ‘క్లచింగ్ హ్యాండ్’. ఒక్క వాక్యంలో ఈ పేర్లు చెప్పేసి అందరూ ‘భీష్మ ప్రతిజ్ఞ’ దగ్గరికి వెళ్లిపోతారు. నేనూ అలాగే వెళ్లిపోయేవాణ్ణి. ఈసారి ఆ వాక్యం దగ్గరే ఆగాను.

ఇవేవీ మనం ఇప్పుడు అనుకునే తరహా సినిమాలు కావు. సీరియళ్లు. అమెరికాలో 1912 నుంచి మొదలైన పద్ధతి ఇది. ఒక్కో భాగం సాధారణంగా రెండు రీళ్లు, అంటే దాదాపు అరగంట. వారానికో భాగం చొప్పున నెలల తరబడి నడిచేది. ఆ కథనే పత్రికల్లో కూడా వారం వారం వేసేవాళ్లు. పొద్దున పేపర్లో చదివి సాయంత్రం హాల్లో చూడొచ్చన్నమాట. నిండా పరుగులు, పోరాటాలు, రైళ్లు, కొండ అంచులు. ఎక్కువ వాటిలో పరుగెత్తేదీ, గెలిచేదీ హీరోయినే. మన వారపత్రికల్లో సీరియల్ కింద ‘సశేషం’ అని ఉండేది చూడండి, ఆ ఆత్రమే ఇక్కడ తెర మీదికి ఎక్కింది.

‘మిలియన్ డాలర్ మిస్టరీ’ 1914లో వచ్చింది. థాన్‌హౌసర్ అనే కంపెనీ తీసింది. 23 భాగాలు. హార్గ్రీవ్ అనే కోటీశ్వరుణ్ణి ‘బ్లాక్ హండ్రెడ్’ అనే ముఠా వెంటాడుతుంటుంది. అతను బ్యాంకు నుంచి పది లక్షల డాలర్లు తీసుకుని, ఇంటిని ముఠా చుట్టుముట్టిన రాత్రి బెలూన్ ఎక్కి మాయమవుతాడు. హాస్టల్లో పెరిగిన కూతురు ఫ్లారెన్స్ అప్పుడే ఇల్లు చేరుతుంది. తండ్రి ఏమయ్యాడు, డబ్బు ఎక్కడుంది? ఈ ముడి విప్పి ముగింపు రాసి పంపినవాళ్లకి 10,000 డాలర్ల బహుమతి అని కంపెనీ ప్రకటించింది. సెయింట్ లూయిస్ ఊళ్లో ఉద్యోగం చేసుకునే ఒక స్టెనోగ్రాఫర్‌కి ఆ బహుమతి వచ్చింది. చివరికి తేలేదేమిటంటే, ఇంట్లో వంచిన తల ఎత్తకుండా పనిచేస్తున్న బట్లరే ఆ కోటీశ్వరుడు. ఈ కథని హెరాల్డ్ మెక్‌గ్రాత్ నవలగా రాశాడు కాబట్టి నాకు తెలిసింది. కంపెనీ బస్సులో పోతూ వస్తూ ఫోన్లో చదివాను.

‘బ్రోకెన్ కాయిన్’ మరుసటి సంవత్సరం, 1915లో. యూనివర్సల్ వాళ్లది. 22 భాగాలు. రాసింది గ్రేస్ క్యూనార్డ్, హీరోయిన్ కూడా ఆవిడే. దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్. ఆయన తమ్ముడే తర్వాతి రోజుల్లో పెద్ద పేరు తెచ్చుకున్న దర్శకుడు జాన్ ఫోర్డ్. ఇందులో చిన్న వేషం వేశాడు. కథలో కిట్టీ గ్రే అనే పత్రికా విలేఖరికి ఒక పాత సామాన్ల కొట్లో సగానికి విరిగిన నాణెం దొరుకుతుంది. దాని మీద ఏవో అక్షరాలు సగంసగం ఉంటాయి. రెండో సగం దొరికితే గ్రెట్జ్‌హోఫెన్ అనే రాజ్యంలో దాచిన నిధి జాడ తెలుస్తుంది. ఆవిడ ఒంటరిగా ఆ రాజ్యానికి బయల్దేరుతుంది. ఆవిడకి అండగా నిలిచే బలశాలి రోలో. ఆ వేషం వేసినవాడు ఎడ్డీ పోలో. సర్కస్‌లో పల్టీలు కొట్టి వచ్చినవాడు.

‘క్లచింగ్ హ్యాండ్’ దగ్గర నేను కాస్త తికమక పడ్డాను. అది పెర్ల్ వైట్ నటించిన ‘ఎక్స్‌ప్లాయిట్స్ ఆఫ్ ఎలేన్’ సీరియల్లో ముసుగు విలన్ పేరు. కాబట్టి మద్రాసులో ఆడింది ఆ సీరియలే అయ్యుంటుందని నా లెక్క. హీరోయిన్ పేరు పోయి విలన్ పేరు మిగిలిందన్నమాట. ‘మిస్టర్ ఇండియా’ని మనం ‘మొగాంబో సినిమా’ అన్నట్టు.

ఈ నాలుగింట్లో ఎలేన్ ఒక్కటే బతికింది. అమెరికా ప్రభుత్వం దాచిపెట్టదగ్గ సినిమాల జాబితాలో కూడా చేరింది. ‘మైరా’ చాలా భాగం పోయింది. ‘మిలియన్ డాలర్ మిస్టరీ’, ‘బ్రోకెన్ కాయిన్’ రెండూ పోయినవాటి లెక్కలోనే ఉన్నాయి. ‘బ్రోకెన్ కాయిన్’ 22 భాగాలు, భాగానికి రెండు రీళ్లు అంటే 44 రీళ్లు. తొమ్మిది పది గంటల సినిమా. ఇప్పుడు మనకి మిగిలింది కొన్ని ఫోటోలు, పత్రికల్లో ప్రకటనలు, కథ నవలారూపం.

ఇక మద్రాసులో ఇవి చూసిన తీరు అమెరికాలో చూసిన తీరు కాదు. ప్రింట్లు ఎక్కడెక్కడో ఆడి, ఓడ దిగి ఇక్కడికి వచ్చేసరికి కథ మొత్తం సిద్ధంగా ఉండేది. అందుకని మన హాళ్లలో వారానికి ఒక్క భాగమే కాకుండా కొన్ని భాగాలు కలిపి ఒక ఆటగా వేసేవాళ్లు. ముగింపు ఊహించి రాయమన్న బహుమతి మనవాళ్ల దాకా రానే లేదు. తెర మీద పడే మాటలన్నీ ఇంగ్లీషు. హాల్లో ఒక మనిషి నిలబడి వాటిని తెలుగులోనో, తమిళంలోనో చెప్పేవాడు. ఊరికే చెప్పడం కాదు, వర్ణించి చెప్పడం. బయట బ్యాండు మేళం, బండి మీద బొమ్మల బోర్డు, చేతికి కరపత్రం. రాత్రుల తరబడి సాగే వీధి భాగవతాలు, తోలుబొమ్మలాటలు చూసిన జనానికి ‘మిగతా కథ రేపు’ అనేది కొత్తేం కాదు. బొమ్మలో ఉన్నది తెల్లదొరసాని అయినా, కథ చెప్పే పద్ధతి మనదే.

1910ల చివరి నుంచి 1920ల మధ్య దాకా దక్షిణాదిలో ఈ సీరియళ్లదే రాజ్యం. ఎడ్డీ పోలో పేరు మద్రాసులో కూలిపని చేసుకునేవాళ్లకి కూడా తెలుసు. 1927లో ప్రభుత్వం సినిమాల మీద ఒక విచారణ కమిటీ వేసింది. అధ్యక్షుడు మద్రాసు వకీలు టి. రంగాచారి. దేశమంతా తిరిగి హాళ్ల యజమానుల్నీ, అధికారుల్నీ, పెద్దమనుషుల్నీ ప్రశ్నలడిగారు. 1928లో నివేదిక ఇచ్చారు. ఆ సాక్ష్యాల్లో ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది: చదువురానివాళ్లకి సీరియళ్లు, పోరాటాలు ఇష్టం, చదువుకున్నవాళ్లకి వేరే ఇష్టం. కొందరు ఆ మాట తేలిగ్గా అన్నారు, కొందరు చిన్నచూపుతో అన్నారు.

నాకు అసలు సంగతి అక్కడ తగిలింది. సీరియళ్లని ప్రాణంగా చూసినవాళ్లకి రాయడం రాదు. రాయడం వచ్చినవాళ్లు వాటిని రాయదగ్గ విషయం అనుకోలేదు. నేల మీద కూర్చుని కిట్టీ గ్రే కోసం ఈలేసిన మనిషి తన డైరీలో ఆ సాయంత్రం గురించి రాసుకోలేదు, ఆయనకి డైరీ లేదు. అందుకే ఈ సినిమాలు రెండుసార్లు పోయాయి. రీళ్లు పోయాయి, చూసిన అనుభవమూ పోయింది. ‘భీష్మ ప్రతిజ్ఞ’ రీళ్లు కూడా లేవు. కానీ అది పురాణ కథ, మనవాళ్లు తీసింది, చెప్పుకోవడానికి గౌరవంగా ఉంటుంది కాబట్టి పేరైనా నిలబడింది. వెంకయ్యగారి హాళ్లలో టిక్కెట్లు తెగింది మాత్రం ఈ పరుగుల బొమ్మలకి. కొడుకుని సినిమా పని నేర్చుకోవడానికి విదేశాలకి పంపడానికీ, తర్వాత స్టార్ ఆఫ్ ది ఈస్ట్ కంపెనీ పెట్టడానికీ ఆ డబ్బు ఎంతో కొంత ఉపయోగపడే ఉంటుందని నా నమ్మకం. కాగితం చూపించమంటే చూపించలేను. హాళ్లు నడిపినవాడి ఆదాయం హాళ్ల నుంచే కదా రావాలి.

మంగాఫ్ అన్నకి ఇదంతా ఫోన్లో చెబితే ఆయన ఒక్క మాట అన్నారు. “అంటే మనోళ్లు తీయడం కంటే ముందు చూడటం నేర్చుకున్నారన్నమాట.” వెంకయ్యగారిని ఆ చూడటం నేర్పినవాడిగా కూడా గుర్తుపెట్టుకోవాలని నాకు అప్పుడు అనిపించింది. ఎవరో పరాయి దేశంలో తీసిన బొమ్మని తెచ్చి, హాలు కట్టి, వివరంగా చెప్పించి, కూలిజనాన్ని లోపల కూర్చోబెట్టాడు. 1941లో పోయేనాటికి ఆయన చేతిలో ఆ హాళ్లు లేవు. ఇవాళ గెయిటీ కూడా లేదు, పడగొట్టేశారు.

రీళ్లు ఎలా పోతాయి అని కూడా కొందరు అడిగారు. ఆ రోజుల్లో ఫిల్ము నైట్రేటుతో చేసేవాళ్లు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఊరికే పెట్టినా కొన్నేళ్లకి జిగటగా మారి, తర్వాత పొడి అయిపోతుంది. దాని పూతలో వెండి ఉంటుంది. మాటల సినిమాలు వచ్చాక మూకీలకి గిరాకీ పోయింది. గోడౌను అద్దె దండగ, మంటల భయం, పైగా కరిగిస్తే వెండి వస్తుంది. యూనివర్సల్ కంపెనీ తన దగ్గర మిగిలిన మూకీల్లో చాలావాటిని 1948లో కావాలనే తగలబెట్టించింది. మన దేశంలోనూ వెండి కోసం పాత ఫిల్ములు తూకానికి పోయాయి. మొదటి టాకీ ‘ఆలం ఆరా’ కూడా ఇప్పుడు లేదు. అమెరికాలో 1912-1929 మధ్య తీసిన నిడివి చిత్రాలు దాదాపు 11,000 అయితే, వాటిలో మొదట విడుదలైన రూపంలో మిగిలినవి 14 శాతమేనని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో ప్రచురించిన అధ్యయనం తేల్చింది.

ఒక్కోసారి దారి చివరి ఊళ్లలో దొరుకుతాయి. కెనడాలో యూకాన్ అనే మంచు ప్రాంతంలో డాసన్ సిటీ అని ఉంది. సినిమాలు అన్ని ఊళ్లూ తిరిగి చివరగా అక్కడికి చేరేవి. తిరిగి పంపితే కిరాయి దండగని కంపెనీలు వెనక్కి తీసుకునేవి కావు. పూడ్చేసిన ఈతకొలను అడుగున, మంచు నేలలో, 1978లో 500కి పైగా రీళ్లు బయటపడ్డాయి. మద్రాసు కూడా అలాంటి దూరపు ఊరే. కాకపోతే మనకి ఆ మంచు లేదు. ఎండ, తేమ, చెదలు ఉన్నాయి.

ఇక నా గొంతు ఆగిన చోటికి వస్తా.

మా నాయన 1980ల్లో ఇదే ఫహాహీల్‌లో పనిచేశాడు. మాది రాజంపేట దగ్గర పల్లె. జేజికి చదువు రాదు. ఉత్తరం రాస్తే ఎవరో ఒకరి చేత చదివించుకోవాలి, అందరి ముందూ ఏడవాల్సి వస్తుందని ఆమెకి నామోషీ. అందుకని నాయన క్యాసెట్లో మాట్లాడి, చుట్టీకి వచ్చేవాళ్ల చేత పంపేవాడు. ఒక్కో క్యాసెట్ అరగంట, ముప్పావుగంట. ఇక్కడి ఎండ, రూములో వంట ఎవరి వంతు, సముద్రం ఎలా ఉంది, రాత్రిళ్లు రిఫైనరీ మంట ఎంత దూరం కనిపిస్తుంది... జేజి టేపురికార్డరు ముందు కూర్చుని ఆయనకి జవాబులు చెప్పేది. చివర్లో నాయన ఎప్పుడూ ఏదో ఒక సంగతి సగంలో ఆపేవాడు: “అది మళ్లీ క్యాసెట్లో చెబుతా లేమ్మా.” మాకు ఆయన సీరియల్ అది.

మీద ఇంకేమీ రికార్డు చేయకుండా క్యాసెట్ వెనక ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని ఆయనే విరగ్గొట్టి పంపేవాడు. 1990 ఎండాకాలంలో ‘జగదేకవీరుడు అతిలోక సుందరి’ పాటలు కావాలని నాకు పిచ్చి. కొత్త క్యాసెట్ కొనడానికి డబ్బుల్లేవు. విరగ్గొట్టిన ఆ కంతల్లో కాగితం మడిచి కుక్కి, ఒకటి తర్వాత ఒకటి, నాయన క్యాసెట్ల మీదే పాటలు ఎక్కించాను. నాకు పన్నెండేళ్లు. విన్నవే కదా, పాతవే కదా అనుకున్నాను. ఆ ఆగస్టులోనే కువైట్ మీద యుద్ధం వచ్చింది. లక్షన్నరకి పైగా మనవాళ్లని అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకొచ్చారు. ఆ మనుషుల్లో నాయన కూడా ఒంటి మీద బట్టలతో ఇంటికొచ్చాడు. మనిషే వచ్చాక క్యాసెట్లు ఎవరికి గుర్తుంటాయి? ఆయన పోయాక వెతికాను. పదకొండు క్యాసెట్లు దొరికాయి. అన్నింటిలోనూ పాటలే. ఒక్కదాంట్లో మాత్రం, రెండు పాటల మధ్య, దగ్గు ఒకటి వినిపిస్తుంది. ఆయనదే.

వెండి కోసం రీళ్లు కరిగించినవాళ్ల మీద ఎపిసోడ్‌లో కోపంగా మాట్లాడబోయి అక్కడే ఆగిపోయాను. వాళ్లూ నాలాగే అనుకుని ఉంటారు, చూసినవే కదా, పాతవే కదా అని. చదువురాని మనిషి కోసం చేసిన వస్తువు పనైపోగానే చెత్త అయిపోతుంది. దాన్ని దాచమని ఎవరూ చెప్పరు.

ఈ ఎపిసోడ్లు రూములో ఏసీ ఆపి, దుప్పటి కప్పుకుని ఫోన్లో రికార్డు చేస్తున్నాను. ఇప్పుడు మూడుచోట్ల కాపీలు పెడుతున్నాను, తడబాట్లతో సహా.

మీకు ఒక విన్నపం. ఊరికి వెళ్లినప్పుడు అటక మీద చూడండి. తాతల నాటి సినిమా కరపత్రం, పాటల పుస్తకం, టూరింగ్ టాకీసు టిక్కెట్టు ముక్క, ఏదున్నా పారేయకుండా ఒక ఫోటో తీసి పంపండి. గల్ఫ్ నుంచి వచ్చిన మాటల క్యాసెట్లు ఉంటే వాటి మీద ఏమీ ఎక్కించకండి, ఎవరైనా తెలిసినవాళ్ల చేత కంప్యూటర్లోకి ఎక్కించి పెట్టుకోండి. ఎలా చేయాలో నాకు రాస్తే చెబుతాను. వచ్చే ఎపిసోడ్‌లో వెంకయ్యగారి కొడుకు ప్రకాష్ విదేశాల నుంచి తిరిగొచ్చి ఏం చేశాడో చూద్దాం. ప్రశ్న వేసిన మంగాఫ్ అన్న కూడా ఈసారి రూముకి వస్తానన్నారు, ఆయన గొంతు కూడా వినిపిస్తాను.